ఇసుకలో చేపల వేట సామాను లాగే బల్ల: పాత డ్రమ్ముతో ఎలా చేసుకోవాలి

మా పల్లెలో రోడ్డు ఆగిపోయే చోటు నుంచి నీటి అంచు దాకా మూడు వందల అడుగుల ఇసుక ఉంది. ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో గోపాల్‌పూర్ నుంచి ఉత్తరాన ఆర్యపల్లి వైపు వెళ్ళినా, దక్షిణాన మార్కండి, సోనాపూర్ వైపు వెళ్ళినా మన వాళ్ళ పల్లెలన్నిటిదీ ఇదే పరిస్థితి. 40 కిలోల ఇంజను ఒకరి భుజం మీద, తడిసిన వల ఇద్దరి మధ్య కర్రకు వేలాడుతూ, ఐసు పెట్టె ఆడవాళ్ళ తలల మీద. పొడి ఇసుకలో ప్రతి అడుగుకూ మడమ దిగబడుతుంది. దాన్ని పైకి లాగడానికే సగం బలం పోతుంది. మా నాన్న ముప్పయి ఏళ్ళు కెరటాలతో పోరాడినా చెడని నడుము ఈ మూడు వందల అడుగుల్లో చెడిపోయింది. ఆ మోత తప్పించడానికి నేను చేసిన లాగుడు బల్లను మీరూ చేసుకోవాలని ఇంత వివరంగా రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు చేశాను. మొదటిది చెడిపోయింది, అది ఎందుకు చెడిందో కూడా చెబుతాను.

ఆలోచన పుట్టింది మంచు దేశాల వేటను వీడియోల్లో చూసి. అమెరికాలోని మిన్నెసోటాలోను, ఫిన్లాండులోను చలికాలంలో సరస్సులు గడ్డకడతాయి. గట్టి మంచు కనీసం నాలుగు అంగుళాల మందం ఉంటేనే మనిషి దాని మీద నడవాలని మిన్నెసోటా అధికారులు చెబుతారు. అక్కడి వాళ్ళు మంచుకు బరమాతో కన్నం తొలిచి, అందులోకి గేలం దించి చేపలు పడతారు. బరమా, గేలాలు, చిన్న గుడారం, పొయ్యి అన్నిటినీ ఒక ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి లాక్కుపోతారు. వేటలో చేయి తిరిగిన వాళ్ళు దుకాణంలో కొన్న తొట్టిని ఉన్నది ఉన్నట్టు వాడరు. అరుగుదల తట్టుకోవడానికి అడుగున పట్టీలు బిగిస్తారు, తాడు ఉండే చోట గట్టి గొట్టాలు పెడతారు, పైన గుడ్డ కప్పుతారు. ఈ మూడూ మనకూ పనికొస్తాయి. ఒక్క సంగతి మాత్రం తేడా. మంచు గట్టిగా, నునుపుగా ఉంటుంది కాబట్టి దాని మీద సన్నని పట్టీలు చక్కగా జారుతాయి. అదే పట్టీ మన పొడి ఇసుకలో కత్తిలా దిగబడుతుంది. చక్రానిదీ అదే గతి. మన బల్లకు అడుగు వెడల్పుగా ఉండాలి, ముక్కు పైకి లేచి ఉండాలి. మిగతావన్నీ ఈ రెండిటి తర్వాతే.

డ్రమ్ము ఎంచుకోవడం

200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి చాలు. బరంపురంలో పాత సామాన్ల కొట్లలో దొరుకుతుంది. ఛత్రపురంలోనూ అడిగి చూడండి. కొనేటప్పుడు మీద అంటించిన కాగితం చదవండి. తినే నూనె, పంచదార పాకం, సబ్బు లాంటివి వచ్చిన డ్రమ్మే తీసుకోండి. ఆమ్లాలు, పురుగుమందులు, రంగు కలిపే ద్రావకాలు వచ్చినవి ఎంత చవకగా ఇచ్చినా వద్దు. మనం దీని మీద చేపలు పెడతాం. పైగా లోపల ద్రావకం ఆవిరి మిగిలి ఉంటే కోసేటప్పుడు నిప్పురవ్వకు అంటుకుంటుంది. కాగితం చింపేసి ఉన్న డ్రమ్మును కూడా వదిలేయండి.

రెండో పరీక్ష డ్రమ్ము ఒంటి మీద. కొన్ని డ్రమ్ములకు నడుము చుట్టూ కట్టుల్లా రెండు మూడు ఉబ్బులు ఉంటాయి. అలాంటిది దొరికితే మీ అదృష్టం. ఎందుకో కింద తెలుస్తుంది. ఎండకు తెల్లబారి, గోటితో గీరితే పొడి రాలుతున్న డ్రమ్ము ఏడాది కూడా నిలవదు.

ఇంటికి తెచ్చి చాకలి సోడా కలిపిన వేడి నీళ్ళతో రెండుసార్లు కడగండి.

కోయడం, విప్పడం

చాలామంది డ్రమ్మును నిలువునా రెండు చీలికలుగా కోసి, ఒక సగాన్ని తొట్టిలా లాగుతారు. నేను చేసిన మొదటి బల్ల అదే. దాని ముందు గోడ నిట్టనిలువుగా ఉంటుంది కాబట్టి పారలా ఇసుకను తోసుకుంటూ పోతుంది. పది అడుగులు వెళ్ళేసరికి ముందు ఒక గుట్ట పేరుకుంటుంది. అలా కోయకండి.

డ్రమ్ము పై మూత, కింది అడుగు రెండూ కోసి తీసేయండి. మిగిలిన గొట్టాన్ని ఒకే గీతలో పై నుంచి కిందకి చీల్చండి. ఇప్పుడు దాన్ని విప్పితే పొడవు సుమారు 180 సెంటీమీటర్లు, వెడల్పు 75 సెంటీమీటర్ల రేకు వస్తుంది. డ్రమ్ము చుట్టుకొలత బల్ల పొడవు అయింది, డ్రమ్ము ఎత్తు బల్ల వెడల్పు అయింది. ఆ రేకు చుట్టుకోవాలని చూస్తూనే ఉంటుంది. అదే మనకు కావాలి. ఒక కొసను అలా చుట్టుకోనిచ్చి మిగతాది చదును చేస్తే ముక్కు తనంతట తానే తయారవుతుంది. ఇందాక చెప్పిన ఉబ్బులు ఇప్పుడు బల్ల అడుగున పొడవునా వస్తాయి. ఒడ్డు ఏటవాలుగా ఉన్న చోట బల్ల పక్కకు జారిపోకుండా అవే పట్టి ఉంచుతాయి. సన్నని పట్టీలు దిగబడతాయన్న భయం వీటికి లేదు, ఎందుకంటే బరువు మోసేది వెడల్పైన రేకు.

కోతకు సన్నపళ్ళ రంపం గాని, కరెంటు జిగ్ రంపం గాని వాడండి. రాపిడి చక్రం పెడితే ప్లాస్టిక్ కరిగి చక్రానికి అతుక్కుంటుంది, వేడి ముద్దలు చేతుల మీదికి ఎగురుతాయి. కోసిన అంచులను ఆకురాయితో రుద్ది గుండ్రం చేయండి. నాలుగు మూలలనూ ఒక గిన్నె బోర్లించి గీసుకుని వంపుగా కోయండి. ఈ ప్లాస్టిక్ పగులు ఎప్పుడూ పదునైన మూల దగ్గరే మొదలవుతుంది.

చదును చేయడం

దీనికి ఎండాకాలం మధ్యాహ్నం మేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మర పడవల వేటకు 61 రోజుల నిషేధం ఉంటుంది కదా, ఆ రోజుల్లో పెట్టుకోండి. వల బాగుచేసుకునే చేతులకు ఈ పని కష్టం కాదు.

గట్టి నేల మీద రేకును డ్రమ్ము బయటి వైపు కిందకి వచ్చేలా పరవండి. ముందు కొస 40 సెంటీమీటర్లు వదిలేసి, మిగతా భాగం మీద ఇసుక సంచులు వరసగా పెట్టండి. రెండు గంటలు ఎండలో ఉంచాక సంచుల మధ్య సందుల్లో మరిగే నీళ్ళు పోయండి. చేతులకు మందపాటి తొడుగులు, కాళ్ళకు బూట్లు తప్పనిసరి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. పూర్తిగా చల్లారేదాకా సంచులు కదపకూడదు. మొదటిసారికి సగమే లొంగుతుంది. మర్నాడు మళ్ళీ చేయండి. ఆ తర్వాత కూడా కొంచెం వంపు మిగిలితే కంగారు పడకండి, కట్టే చట్రం దాన్ని పట్టి ఉంచుతుంది. నిప్పు మంట మాత్రం చూపించకండి. ఈ ప్లాస్టిక్ 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మంట అంతకంటే ఎన్నో రెట్లు వేడి కాబట్టి చూస్తూండగానే కన్నం పడుతుంది.

చట్రం కట్టడం

నా మొదటి బల్ల చెడిపోవడానికి రెండో కారణం చట్రమే. ఇనుప చట్రం వెల్డింగు చేయించి, పన్నెండు బోల్టులతో బిర్రుగా బిగించాను. వైశాఖం ఎండకు రేకు బోల్టుల మధ్య ఉబ్బింది, నెల తిరిగేసరికి రెండు కన్నాల దగ్గర చీలింది. ఈ రకం ప్లాస్టిక్ వేడికి ఇనుము కంటే పది రెట్లకు పైగా సాగుతుంది. తెల్లవారుజాము చల్లదనానికీ మధ్యాహ్నం ఎండకూ మధ్య ఇంత పొడవు రేకు అర సెంటీమీటరు దాకా పెరుగుతుంది. దాన్ని పెరగనివ్వని బోల్టు దగ్గరే చీలిక పడుతుంది.

దీనికి మందు మన తెప్పలోనే ఉంది. తెప్ప దుంగలను మన పెద్దవాళ్ళు మేకులతో బిగించలేదు, తాళ్ళతో కట్టారు. కెరటం కొట్టినప్పుడు దుంగలు ఒకదాని మీద ఒకటి కాస్త కదులుతాయి, అందుకే విరగవు. మన చట్రమూ అలాగే ఉండాలి.

రెండంగుళాల వెడల్పున్న చెక్క పట్టెలు మూడు తీసుకోండి. పొడవు బల్ల వెడల్పుకు సరిపోవాలి. వాటిని రేకు మీద అడ్డంగా వేయండి: ఒకటి ముక్కు వంపు మొదలయ్యే చోట, ఒకటి నడుమ, ఒకటి వెనక అంచుకు జానెడు ముందు. ఒక్కో పట్టెకు మూడు బోల్టులు. నడిమి కన్నం బోల్టుకు సరిగ్గా సరిపోవాలి. కొసల్లోవి ఆకురాయితో కాస్త పొడుగ్గా సాగదీయండి. 8 మిల్లీమీటర్ల స్టీలు బోల్టులు, గుండ్రని పలుచని తల ఉన్నవి, కింది నుంచి పైకి రావాలి. తల కింద రూపాయి బిళ్ళ కంటే పెద్ద వాషరు వేయండి. ఇనుప బోల్టులైతే ఉప్పుగాలికి ఒక్క వానాకాలంలో తుప్పు పట్టి ఊడి రాకుండా పోతాయి.

పట్టెల మీద పొడవునా రెండు సరుగుడు కర్రలు, అటొకటి ఇటొకటి, తాడుతో బిగించి కట్టండి. కర్రలు కట్టెల అడితిలో కొనుక్కోండి. తీరం వెంబడి పెంచిన సరుగుడు తోట నుంచి నరకకండి, తుఫాను గాలికి మన ఇళ్ళ ముందు నిలబడేది ఆ చెట్లే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి గాలి విన్నవాళ్ళెవరూ ఆ తోట మీద కత్తి పెట్టరు.

చివరగా ముక్కు. రేకు ముందు కొసకు రెండు కన్నాలు వేసి, అక్కడి నుంచి సరుగుడు కర్రల ముందు కొసలకు రెండు తాళ్ళు బిగించండి, వింటికి నారి కట్టినట్టు. ముక్కు నేల నుంచి ఒక అడుగు పైకి లేవాలి. అంతకంటే తక్కువైతే ఇసుక లోపలికి ఎక్కుతుంది.

వల చిక్కుకునే చోట్లు

పని అయిపోయిందనుకుని ఇక్కడ ఆపేస్తారు చాలామంది. నేనూ ఆపేశాను. ఒక రోజు చందువ వలను బల్ల మీద నుంచి దించుతుంటే ఒక బోల్టు కొసకు తట్టుకుంది. తెలియక లాగాను. చేతికి తెలిసింది సన్నని గుంజు మాత్రమే. విప్పి చూస్తే రెండు బారల పొడవున కళ్ళు తెగి ఉన్నాయి. నాన్న ఒక్క మాట అనలేదు. మూడు సాయంత్రాలు ముంగిట్లో కూర్చుని అల్లుకున్నాడు. దారం వేలికి చుట్టి కన్ను వెనక కన్ను వేస్తున్న ఆ చేతులు చూస్తూ కూర్చోవడం కంటే తిట్లు తినడం తేలిక.

కాబట్టి పైకి పొడుచుకొచ్చిన ప్రతి బోల్టు కొసనూ నట్టు అంచుకు కోయించండి. దాని మీద పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగి దారంతో కట్టండి. తర్వాత ఒక పాత నైలాన్ చీర తీసుకుని బల్ల మీద అంతటా అరచేత్తో ఈడ్చి చూడండి. చీర ఎక్కడ తట్టుకుంటే వల అక్కడ తెగుతుంది. కర్రల పేళ్ళు, రేకు అంచులు, తాళ్ళ ముడులు అన్నీ ఈ పరీక్ష దాటాలి.

వెనక అంచు దగ్గర నాలుగు చిటికెన వేలంత కన్నాలు వేయండి. వల నుంచి కారిన నీళ్ళు నిలవకుండా పోతాయి.

లాగే తాడు

12 మిల్లీమీటర్ల తాడు తీసుకోండి. దాన్ని ఒకే చోట కట్టకూడదు. మొదటి అడ్డ పట్టె రెండు కొసలకూ కట్టి, ముందు ఒక మూరెడు దూరంలో ముడి వేసి కలపండి. అక్కడి నుంచి లాగే తాడు ఎనిమిది అడుగులు ఉండాలి. పొట్టి తాడుతో లాగితే బలం సగం పైకి పోతుంది. మరీ పొడుగైతే ముక్కుకు ఎత్తు అందదు. ఎనిమిది అడుగుల తాడును భుజానికి వేసుకుంటే ముక్కు కాస్త తేలికపడి బల్ల ఇసుక మీద తేలినట్టు వస్తుంది. భుజానికి పాత గోనెసంచిని నాలుగు మడతలు వేసి కుట్టిన పట్టీ చాలు. ముడి దగ్గర ఒక జానెడు స్కూటరు ట్యూబు కలిపి కడితే మొదటి గుంజు ఒంటికి తగలదు.

పడవ వైపు దిగేటప్పుడు ఒడ్డు బాగా ఏటవాలుగా ఉంటే తాడు పనిచేయదు, బల్ల వచ్చి మడమలకు తగులుతుంది. అలాంటి చోట రెండు వెదురు కర్రలను తాడుకు బదులు కట్టుకోండి. మంచు దేశాల వాళ్ళు గట్టి గొట్టాలు పెట్టుకునేది ఇందుకే.

సామాను సర్దడం

బరువంతా నడుమకు కాస్త వెనగ్గా, వీలైనంత కిందకి. ముక్కు దగ్గర లైఫ్ జాకెట్లు, తాడు చుట్టలు లాంటి తేలికవే.

ఇంజను గురించి జాగ్రత్తగా చదవండి. పడవ నుంచి విప్పగానే పడుకోబెట్టకండి. రెండు నిమిషాలు నిలువుగా పట్టుకుని లోపలి నీళ్ళు కారిపోనివ్వండి. పడుకోబెట్టాక తల భాగం ఎప్పుడూ పంకా భాగం కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే మిగిలిన ఉప్పునీరు వెనక్కి పారి సిలిండరులోకి చేరుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనైతే ఏ పక్కకు పడుకోబెట్టాలో దానితో వచ్చిన పుస్తకంలో చూపిస్తారు, ఆ పక్కకే పెట్టాలి. రెండో పక్కకు పెడితే నూనె చేరకూడని చోటికి చేరుతుంది. తల కింద ఇసుక నింపిన గోనెసంచి దిండులా పెట్టండి.

వలను విడిగా కుప్ప పోయకండి. బెండ్లు ఒక వైపు, సీసం గుళ్ళు ఒక వైపు వచ్చేలా మడిచి సంచిలో వేసి పెట్టండి. ఐసు పెట్టెను సరుగుడు కర్రల మధ్య ఇరికించి తాడు వేయండి. చేప ఎంత ఉంటే ఐసు అంత బరువు ఉండాలి మన ఎండకు. పెట్రోలు డబ్బా వెనక మూలన విడిగా ఉండాలి, ఐసు పెట్టె పక్కన ఎప్పుడూ వద్దు.

ఇద్దరు లాగే బల్ల మీద 100 కిలోలు దాటనివ్వకండి. రెండు విడతలుగా తీసుకుపోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

దారి

ఒకే బరువు, ఒకే బల్ల, దారి మారితే లాగే బలం సగానికి సగం మారిపోతుంది. మరీ పొడి ఇసుక బల్ల ముందు పోగవుతుంది. తడిసీ తడవని ఇసుక రేణువులు నీటి పొరతో ఒకదాన్నొకటి పట్టుకుని గట్టి నేలలా ఉంటాయి. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇసుక మీద బల్లను లాగి కొలిచి చూశారు. తగినంత తడి ఉంటే లాగే బలం పొడి ఇసుకలో కావలసిన దానిలో సగమే సరిపోయింది. ఈజిప్టులో జెహుతిహోతెప్ సమాధి గోడ మీద ఒక పెద్ద విగ్రహాన్ని బల్ల మీద లాగుతున్న బొమ్మ ఉంది, దాని ముందు ఒక మనిషి నేల మీద నీళ్ళు పోస్తూ కనిపిస్తాడు. దాదాపు నాలుగు వేల ఏళ్ళ నాటి బొమ్మ అది.

కాబట్టి పాటు తీసి నీరు వెనక్కి వెళ్ళినప్పుడు కెరటం విడిచిన తడి పట్టీ వెంట వీలైనంత దూరం లాగండి. పొడి ఇసుకను అడ్డంగా, అతి తక్కువ దూరం ఉన్న చోట దాటండి. నీరు ఇంకా ఊరుతున్న మెత్తని అంచు మీద మాత్రం లాగకండి, అక్కడ మీ కాళ్ళే దిగబడతాయి. సిమెంటు రోడ్డు ఎక్కాక ఈడిస్తే అడుగు రెండు నెలల్లో అరిగిపోతుంది. రోడ్డు దగ్గర బల్లను ఎత్తి తోపుడు బండి మీద పెట్టుకోండి.

బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, చిలికా సరస్సు అంచుల్లో బురదలో లాగేవాళ్ళకు ఒక మార్పు: ఉబ్బులు లేని డ్రమ్ము తీసుకోండి, బరువు సగానికి తగ్గించండి, బల్లను బురదలో ఆపి వదలకండి. ఆగితే బురద పీల్చి పట్టుకుంటుంది.

రుషికుల్య మొగ దగ్గర ఉన్నవాళ్ళకు

ఇది నా మనసుకు దగ్గరి విషయం. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే తీరం మనది. రుషికుల్య మొగ ముందు సముద్రంలో 20 కిలోమీటర్ల లోపల నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం, అది అందరికీ తెలిసిందే. ఇసుక మీది సంగతి తక్కువ మందికి తెలుసు. తాబేలు గుడ్లు మూరెడు లోతులోనే ఉంటాయి. గుడ్లు పెట్టిన 45 నుంచి 60 రోజులకు పిల్లలు పైకి వచ్చి నీటి వైపు పాకుతాయి. అరచేతిలో పట్టేంత ప్రాణి. మన బల్ల విడిచిన గాడిలో పడితే గట్టు ఎక్కలేక ఆ గాడి వెంటే పాకుతూ పోతుంది. తెల్లవారితే కాకులు, కుక్కలు.

గుడ్లు పెట్టే చోట బల్ల లాగకండి. పక్క పల్లె దారి చుట్టు తిరుగుడైనా అటే వెళ్ళండి. దాటక తప్పని చోట అందరూ ఒకే దారిలో లాగండి, చివరి మనిషి ఒక సరుగుడు మండతో వెనక గాడిని చెరిపేస్తూ రావాలి. రాత్రి లాంతరు వెలుగు నీటి వైపు కాకుండా ఊరి వైపు పడితే పిల్లలు ఊరి వైపే వస్తాయి, అందుకే దీపానికి ఎర్ర గుడ్డ కట్టి నేలకు వంచి పట్టుకోండి.

దాచడం

ప్రతి రోజూ మంచినీళ్ళు ఒక బిందెడు పోసి ఉప్పు కడగండి. నీడలో బోర్లించి పెట్టండి, నేల మీద రెండు ఇటుకల ఎత్తున. ముక్కు తాళ్ళు వదులు చేయకండి, అవి వదులైతే ముక్కు తన వంపు మరిచిపోతుంది. వారానికి ఒకసారి కట్టు తాళ్ళు వేలితో మీటి చూడండి, మెత్తగా పలికిన చోట విప్పి మళ్ళీ కట్టండి. ఉబ్బులు అరిగి రేకు పలచబడితే, కోసి పడేసిన డ్రమ్ము మూత నుంచి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలు కోసి అడుగున బిగించుకోవచ్చు. అందుకే ఆ మూతను పాత సామాన్లకు వేయకుండా అటక మీద ఉంచుకోండి.